పిలిస్తే వెనక్కి చూసిన పిల్ల

మొన్న మొయినాబాద్‌లో కంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, లోపలినుంచి నర్సు "పెంటమ్మా" అని పిలిచింది. పక్కనున్న కుర్రకారు కిసుక్కున నవ్వారు. ఎవరో ముసలావిడ లేచి వెళ్లింది. నాకు ఏళ్లనాటి పిల్ల ఒకతె గుర్తొచ్చింది. ఇప్పుడా పేరు ఎవరూ పెట్టడం లేదు. వెనకటికి పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆ తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. ఇంకో ఇంటామె దారిన పోతున్నట్టు వచ్చి ఎత్తుకునేది. కన్నతల్లి చేటెడు తవుడిచ్చి ఆ బిడ్డను ఆమె దగ్గర కొనుక్కునేది. చావు వెతుక్కుంటూ వస్తే ఇది వీళ్ల బిడ్డ కాదులే అని మళ్లిపోతుందని ఆశ.

అరవైతొమ్మిది ఉద్యమం రోజుల్లో నేను కొత్త వకీలుని. బడులు మూతబడ్డాయి, బస్సు వచ్చినప్పుడే వచ్చినట్టు. నా దగ్గరికి వచ్చేవి రెండే రకాల పనులు: స్థానికుడని చెప్పే ముల్కీ సర్టిఫికెట్లు, పిల్లల సంరక్షణ తగాదాలు. ఒకదాంట్లో నువ్వు ఏ ఊరివాడివని, రెండోదాంట్లో నువ్వెవరి బిడ్డవని అడగడమే. పుట్టిన ఊళ్లోనే పుట్టామని రుజువు చేసుకోలేక తలలు పట్టుకునే పెద్దమనుషులను చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఎంకపల్లి పిల్ల వ్యవహారంలో ఆ నవ్వు ఎగిరిపోయింది.

నా క్లయింటు కోస్తానుంచి వచ్చిన ఓవర్సీరు. ఎంకపల్లి అమ్మాయిని చేసుకున్నాడు. ఇద్దరాడపిల్లలు ఉయ్యాల్లోనే పోయాక మూడోదాన్ని అలాగే పెంట మీద పడుకోబెట్టి పెంటమ్మ అని పేరు పెట్టారు. ఆ వానాకాలం భార్యా పోయింది. గొడవలకు జడిసి సొంత జిల్లాకు బదిలీ చేయించుకుని, పిల్లను తీసుకుపోతానన్నాడు. తల్లి పోయాక పిల్లను సాకుతున్నది పెంట మీదనుంచి ఎత్తుకున్నామే. ఆమె షరతు పెట్టింది. ఆమె చర్చికి పోయే మనిషి, తాయెత్తు కనబడితే తెంపి పారేసే రకం. అయినా ఈ ఒక్కదాని దగ్గర మెట్టు దిగలేదు.

"తీస్కపోతే పోనీ సారూ. నా బిడ్డ అని మాత్రం పిలువొద్దు. పిలిస్తే అది ఇంటది."

ఏది వింటుందని నేను అడగలేదు. ఓవర్సీరు మాత్రం మండిపడ్డాడు. నా కూతుర్ని కూతురనకుండా ఎట్లా పెంచనని కోర్టుకెక్కాడు.

జడ్జిగారు చేవెళ్లలో అధికార్లు దిగే ముసాఫిర్ బంగ్లాలో క్యాంపు పెట్టినప్పుడు కేసు విచారణకొచ్చింది. తండ్రి బతికుండగా వేరే సంరక్షకులెందుకని టీ చల్లారకముందే ఆర్డరిచ్చేశారు. ఓవర్సీరు వరండాలో గొంతుక్కూర్చుని చేతులు చాచాడు.

"రా తల్లీ. నా కూతురివి కదూ."

పిల్ల కదల్లేదు. వెనక్కి తిరిగి, ఎవరూ లేని స్తంభం పక్కకు చూసింది. తనకన్నా ఎత్తైన మనిషితో మాట్లాడుతున్నట్టు తలెత్తి, "అక్కా, నిన్నే పిలుస్తున్నడు. పో" అంది. ఆపైన ఎత్తుకున్నామె కొంగు పట్టుకుని మెట్లు దిగింది.

పోయిన పెద్దపిల్ల బతికుంటే అప్పటికి ఆ ఎత్తే ఉండేదని నాకంటే ముందు ఆ తండ్రికి తోచింది. ఆర్డరు మన చేతిలో ఉంది, పిల్లను పిలుచుకొద్దామా అన్నాను. "రెండోసారి పిలవలేనండి" అన్నాడు.

ఒంటరిగానే శంకర్‌పల్లి బస్సు కోసం రోడ్డెక్కాడు. కుడిచెయ్యి కాస్త కిందికి వాల్చి, వేళ్లు సగం మూసి, చిన్నపిల్లను నడిపించే మనిషిలా అడుగు తగ్గించుకుని పోతున్నాడు. చూస్తుంటే నాకు నిజంగా భయమేసింది.

పెంటమ్మ ఎంకపల్లిలోనే పెరిగి, మనవళ్లను ఎత్తిందని విన్నాను. కాలం బతికున్నవాళ్ల వయసు మాత్రమే పెంచుతుందనుకుంటాం. పోయినవాళ్లను కూడా పెంచుతుందని నేను ఆ వరండాలో చూశాను.