మొదట పట్టిన చేతికే గీత

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఉన్న రోజుల్లో శనివారం డ్యూటీ లేకపోతే నేను రగ్బీ గ్రౌండ్‌లోనే ఉండేదాన్ని. ఆసుపత్రిలో మా వార్డులో నాతో పనిచేసే రాజమండ్రి ఆవిడ కొడుకు యూనివర్సిటీ జట్టులో ఫ్లాంకర్. బంతితో పరిగెత్తేవాళ్ళను కింద పడేయడమే అతని పని. బీరువాల్లాంటి మనుషులు మీదికొస్తుంటే వంగి, తొడలు పట్టుకుని పడేసి, మట్టి దులుపుకోకుండానే ఇంకొకడి మీదికి పోయేవాడు. వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. నేను మాత్రం రెప్ప వేసేదాన్ని కాదు.

అది చూసే కోచ్ నాకో పని అంటగట్టాడు. ఎవరు ఎన్ని టాకిల్స్ చేశారో, అంటే ఎందరిని పట్టి పడేశారో, ఎందరిని వదిలేశారో గీతలు పెట్టాలి. సీజన్ చివర ఆ కాగితాలు ప్రాంతీయ జట్టు సెలెక్టర్లకు వెళ్తాయి. వాళ్ళు తీసుకుంటే కాంట్రాక్టు, ఇక ఆటే ఉద్యోగం. మావాడికి కావలసింది అదొక్కటే.

నేను గుంటూరులో హైస్కూలు కబడ్డీ ఆడినదాన్ని. మా దగ్గర కూతకొచ్చిన పిల్ల కాలు ముందు ఎవరు అందుకుంటే పట్టు వాళ్ళది. తర్వాత మీద పడ్డవాళ్ళంతా పెళ్ళికొచ్చిన జనం. చివరికి మనిషి దొరికితే, అంతకుముందు ఎవరి చేతిలోంచి జారిందో ఎవరూ పట్టించుకోరు. ఆ లెక్కే ఇక్కడా పెట్టాను. ఎవరినీ అడగలేదు. అన్నీ తెలుసనుకోవడం నాకున్న జబ్బు.

సీజన్ అయ్యాక కోచ్ కాగితాలు తిరగేసి, ఈ అబ్బాయి గీతలు ఇంత తక్కువేమిటని అడిగాడు. నా పద్ధతి చెప్పాను. ఇద్దరు కలిసి పడేస్తే ఇద్దరికీ గీత పెట్టాలట. తోటివాడి పట్టు సడలేలోగా రెండో చెయ్యి వేయడం మావాడి గొప్పతనం. వాటన్నిటినీ నేను మింగేశాను. తల కొట్టేసినట్టయింది.

కోచ్ ఇచ్చిన వీడియో క్యాసెట్లు మా ఇంట్లో పెట్టుకుని మళ్ళీ లెక్కకు కూర్చున్నాను. మావాడూ వచ్చాడు. నేను ఉత్సాహంగా గీతలు పెంచుకుంటూ పోతుంటే మధ్యలో ఆపాడు.

“ఆంటీ, ఇక్కడ నేను మిస్ అయ్యాను. మీరు రాయలేదు.”

“పక్కవాడు పడేశాడుగా. ఎవరు చూశారురా?”

“నేను చూస్తున్నా కదా ఆంటీ. రాయండి.”

అలా ఒకటి కాదు, చాలా రాయించాడు. కాంట్రాక్టు వద్దా నీకు అని కేకలేశాను. అతను నవ్వి టేపు ముందుకు తిప్పాడు. ఆ వయసులో నాకు అంత ధైర్యం లేదు, ఇప్పుడూ లేదు.

ఆ ఏడాది సెలెక్టర్లు వేరేవాణ్ణి తీసుకున్నారు. వాళ్ళమ్మ కంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

తర్వాతి సీజన్ మొదటి శనివారం కాగితాలూ పెన్నూ అతనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. మీరే రాయాలన్నాడు. ఆట మొదలైన కాసేపటికే అతని చేతుల్లోంచి ఒకడు జారిపోయాడు. వెనకున్నవాడు పడేశాడు, కోచ్ అటు చూడనే లేదు. నా చెయ్యి కదలనని మొండికేసింది.

అయినా రాశాను.