కోటకొమ్మ అంచు డబ్బా

మొన్న వనపర్తిలో కళ్లజోడు బాగుచేయించుకుందామని పోతే ఆ దుకాణం ఇంకా తెరవలేదు. పక్కనున్న కంప్యూటర్ల దుకాణం మెట్ల మీద నిలబడ్డాను. నిలబడ్డానని మాటవరసకు అంటున్నాను గాని, ఒకచోట నిలబడడం నాకు పుట్టుకతోనే రాలేదు. ఆ మెట్ల మీదే అటూ ఇటూ తిరుగుతున్నాను. లోపల బల్ల మీద గాజు పక్కలున్న నల్లటి డబ్బా ఒకటి ఉంది. దాని కడుపులో నీలం, ఆకుపచ్చ, గులాబీ దీపాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఏమిటిదని అడిగితే, మీసం ఇంకా సరిగా కుదరని దుకాణదారు నన్ను చూసి జాలిపడి, "కేస్ మాడింగ్ అంటరు తాతా. ఇప్పుడిప్పుడే వచ్చింది. మీకు తెల్వదు" అన్నాడు.

తెల్వదన్నందుకు నాకు కోపం లేదు. బడికి పోయింది తక్కువ, అక్షరాలు లారీల వెనక చదివి నేర్చుకున్నవాణ్ని, తెలియనివి బోలెడున్నాయి. ఇప్పుడిప్పుడే వచ్చిందన్న మాటకే ఒళ్లు మండింది. మాడింగ్ అంటే కంప్యూటర్ డబ్బాను మనకు నచ్చినట్టు కోసుకొని, రంగులేసుకొని, మార్చుకోవడమట. ఆ పని తొంభైల చివర్లోనే గద్వాలలో మా అత్తగారింటి ముందు గదిలో జరిగింది. తెలుగువాడు ఆ మాటను ఏ అర్థంలో వింటాడో ఆ అర్థంలో కూడా జరిగింది.

అప్పుడు నాది కొత్తకోటలో లారీలకు రంగులేసే పని. డ్రైవర్లు ఢాబాలో తిని, మంచం మీద ఒక కునుకు తీసి లేచేసరికి బండి వెనక నెమలి పురి విప్పి ఉండాలి. మా అత్తగారిది గద్వాలలో నేత ఇల్లు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. నా బామ్మర్ది, అంటే మా ఇంటిదాని తమ్ముడు, హైదరాబాదులో కంప్యూటర్ నేర్చుకొని ఒక కంప్యూటర్‌తో సహా ఇంటికి వచ్చాడు. చీర అంచుల డిజైన్లు గళ్ల కాగితం మీద ఒక్కో గడీ రంగు నింపుతూ గీసే కాలమది. ఒక్క గడి తప్పితే బ్లేడుతో గీకాలి, గీకితే కాగితం చిరగాలి. అదంతా కంప్యూటర్ మీద గీసి అచ్చు తీసి ఇస్తానన్నాడు. దానికి వెలుతురున్న ముందు గది కావాలన్నాడు. ఆ గదిలో మా మామ మగ్గముంది.

మామ మగ్గం విప్పించాడు. కాళ్లు పెట్టుకునే గుంట మీద పలకలు పరిచి, వాటి మీద బల్ల వేసి, దాని మీద కంప్యూటర్ పెట్టారు. కాని గది ఇచ్చేటప్పుడే ఒక మాటన్నాడు: "దసరా దాకా చూస్త. ఒక్క నేతగాడన్న వచ్చి నీ డబ్బాతోని అంచు గీయించుకుంటే సరే. లేకుంటే పలకలు తీస్త, మగ్గం దింపుత, నువ్వు గుంటల కూసుంటవు."

ఆ మాట అన్ననాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. మామ ఊరికే కుర్చీలో కూర్చున్నా కాళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి కిందికి నొక్కుతూనే ఉండేవి, లేని మగ్గాన్ని తొక్కుతున్నట్టు. అన్నం తినేటప్పుడు కూడా. ఏళ్ల తరబడి టకటకలాడిన గది మౌనంగా ఉంటే దాన్ని భరించలేక లేచి వీధిలోకి పోయేవాడు, వీధిలో ఏముంటుంది, మళ్లీ వచ్చేవాడు. బామ్మర్ది కిటికీకీ గడపకూ మధ్య తిరిగేవాడు. నేతగాళ్లు రాకపోలేదు. వీధిలోనే ఆగి, మెడలు సాచి చూసి, పోయేవాళ్లు. వాళ్ల తప్పు కూడా కాదు. పాలిపోయిన తెల్లటి డబ్బా, దాని మీద ప్లాస్టిక్ ముసుగు, గుమ్మానికి పరదా, చెప్పులు బయట విడవాలని అట్టముక్క. మామతో కలిసి చిన్నప్పటి నుంచీ నేసిన ముసలి నేతగాడొకాయన వీధిలోంచే, "ఎవరికి బాగలేదు? దవాఖాన చేసిండ్రు ఇంటిని" అని అడిగి పోయాడు. ఆ మాట ఊరంతా తిరిగింది.

అప్పుడు బామ్మర్ది నాకు కబురు చేశాడు. పెబ్బేరు సంత రోజు కావడంతో బస్సులో కాలు పెట్టే సందు లేదు, కృష్ణ దాటేదాకా ఒంటికాలి మీదే నిలబడి పోయాను. పోగానే వాడు, "బావా, దీనికి జర మన ఇంటి మొఖం పెట్టు" అన్నాడు. పని మొదలుపెట్టాలంటే మూత తీయాలి. మూత మీద సీలుంది, సీలు తీస్తే గ్యారంటీ పోతుందని అమ్మినవాడు చెప్పాడట. పెబ్బేరు సంతలో బర్రెను కొనేవాడు కూడా నోరు తెరిచి పళ్లు చూసి కొంటాడు. మూత తెరిచి చూడొద్దన్న సామాను కొన్నవాడు, నాకు తెలిసి, మా బామ్మర్ది ఒక్కడే. ఆ సీలును నేనే గోటితో గీకేశాను.

లోపలి సామానంతా విప్పి అత్త చాటలో వరసగా పేర్చాం, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా. ఖాళీ రేకును నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, ఎర్ర ప్రైమర్ కొట్టి, ఆరాక ఇటుక రంగు ఎనామెల్ వేశాను. రేకు నా మాట విన్నది, రేకు లారీకి చుట్టమే కదా. ముందు భాగం ప్లాస్టిక్‌ది వినలేదు. వేసిన రంగు మరునాటికి పాల మీద మీగడలా లేచివచ్చింది. మళ్లీ రుద్ది, పలచగా, పొర మీద పొర వేస్తే అప్పుడు పట్టింది. చుట్టూ కోటకొమ్మ అంచు గీశాను. కోట గోడ మీది పళ్లలా నిలబడే ఆ కోణాల వరస గద్వాల చీర కట్టిన ప్రతి ఇంటికీ తెలుసు.

మామ వచ్చి చూసి పెదవి విరిచాడు. "రంగు మంచిగుంది. లోపల ఏమైతుందో ఎట్ల తెలుస్తది? మగ్గంల దాచేదేమున్నది? పోగు తెగితే కండ్లకు కానొస్తది." అన్నదాంట్లో న్యాయముంది. పక్క రేకు మీద గీత గీసి, రేకు కత్తెరతో కోసి, ఫొటోలకు చట్రాలు కట్టే దుకాణం నుంచి అద్దం తెచ్చి బిగించాను. లోపల చీకటిగా ఉందంటే, డబ్బాలో పసుపు తీగ జీపు బ్యాటరీ ఇచ్చేంత కరెంటే ఇస్తుంది గనక, దానికి జీపు ఎర్ర బల్బు ఒకటి తగిలించాను. మామ అద్దం ముందు వంగి, తిరిగే ఫ్యాను కేసి చాలాసేపు చూశాడు. కాళ్లు మళ్లీ ఆడాయి.

నేతగాళ్లు ఇప్పుడు వీధిలోంచి గడప దాకా వచ్చారు. గడప దాటలేదు. ఇట్లా గడప దగ్గరే దసరా వచ్చేసింది.

మా అత్తది రాయచూరు దిక్కు. గద్వాలలో కాపురం పెట్టి ముసలిదైనా ఆమె నోట్లోంచి కన్నడం పోలేదు. దసరా పొద్దున, ఎప్పుడూ మగ్గానికి చేసే పూజ ఈసారి డబ్బాకు చేయాలంది. పూజంటే పసుపు కుంకుమతో సరిపోదు, కొత్త కోడలికి చీర పెట్టినట్టు పెట్టాలంది. తన పెళ్లిచీర ఎప్పుడో పిగిలిపోతే అంచొక్కటే దాచుకుంది, అత్తింటి మగ్గం మీద నేసిన పట్టంచు, దాని మధ్యలో ఒకే పెద్ద పువ్వు. కొడుకుతో మూత విప్పించి, మైదా జిగురుతో ఆ అంచును అద్దం లోపలి వైపు చుట్టూ అంటించింది. బల్బు నాదే, ఒప్పుకుంటాను. అంచు అక్కడ పెట్టమన్నది నేను కాదు.

పూజకు పిలిచిన నేతగాళ్లంతా గడప బయట నిలబడ్డారు. దవాఖాన అన్న ఆ ముసలాయన అక్కడి నుంచే అడిగాడు: "ఏమమ్మా, నడుస్తదా మీ డబ్బా?"

అత్త కొంగు సర్దుకొని గర్వంగా చెప్పింది: "మాడ్తద, ఛంద మాడ్తద."

కన్నడంలో దానర్థం, చేస్తుంది, బాగా చేస్తుంది అని. గడప బయట నవ్వులు లేచాయి. ఆ నవ్వులు ఆరకముందే వాసన వచ్చింది. జిగురు ఎండి ఊడిన అంచు బల్బు మీద వాలింది.

వెంట్రుక కాలిన వాసన. అసలు పట్టో కాదో తెలుసుకోవడానికి నేతగాడు పోగు కాల్చి వాసన చూస్తాడు, ఆ వాసన వాళ్ల ముక్కుకు పుట్టుకతో తెలుసు. ఎవరింట్లోనో పట్టు కాలుతుందంటే నేతగాడి కాలు ఆగదు. అందరూ ఒక్కసారి గడప దాటి లోపలికి వచ్చిపడ్డారు. చెప్పులతో సహా. అద్దంలోంచి పొగ ఎక్కడిదో కనిపిస్తూనే ఉంది గనక మామ తటాలున తీగ పీకి, మూత లాగి, అంచును బయటికి తీసి చేతులతో నలిపాడు. డబ్బాకేమీ కాలేదు. అంచు మీది పువ్వు సగం మసైంది. అత్త ఏడవలేదు. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకొని అట్లా నిలబడింది.

మామ ఆ ముక్కను ఆమె చేతిలోంచి తీసుకొని కొడుకు ముందు పెట్టాడు. "కాలిన సగం దీంట్ల తెప్పియ్యగలవారా?"

వాడు తీగ మళ్లీ తగిలించాడు. డబ్బా లేచింది. మిగిలిన సగాన్ని పోగు పోగు చూసి గళ్లలో నింపాడు. నేతగాళ్లు వాడి భుజాల మీదికి వంగిపోయారు. సగం పువ్వు అయ్యాక వాడు దాన్ని అద్దంలో నీడలా తిప్పి రెండో పక్కన పెట్టాడు. పువ్వు నిండింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మూలకు పోగు ఎక్కువైంది" అన్నాడు ముసలాయన. వాడు ఒక మీట నొక్కితే పోయింది. బ్లేడు లేదు, గీకడం లేదు. ముసలాయన తెర మీదికి ఇంకా వంగి, "నాకు గిదే అంచు గావాలె" అన్నాడు. "గని మాడకముందుది."

మామ కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లు కదలడం లేదు.

తర్వాత ఆ డబ్బాలోని సామాను ఎన్నిసార్లో మారింది, చివరికి డబ్బా ఖాళీగా మిగిలి అత్త దాంట్లో పట్టు పోగులు చుట్టిన కండెలు పెట్టుకునేది. అద్దముంది కదా, ఏ రంగు ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడు అత్తా లేదు, డబ్బా ఎటుపోయిందో తెలియదు. ఇదంతా వనపర్తి దుకాణదారుకు మెట్ల మీద తిరుగుతూనే చెప్పాను. విని, "ఫొటో ఉందా తాతా?" అన్నాడు. లేదన్నాను. ఈలోపు కళ్లజోళ్ల దుకాణం తెరిచారు, నేను ఆగలేదు. దారిలో అనిపించింది: కాలానికి మా అత్తలాగా రెండు భాషలూ వచ్చు, ఏ పనికైనా మాడుతుందనే అంటుంది, ఏ భాషలో అన్నదో మనకు మాత్రం వాసన వచ్చేదాకా తెలియదు.