మల్లన్న తలుపు గీకిందెవరు?

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇదీ అలాంటిదే అనుకుని చదివేవాళ్లకు ముందే చెబుతున్నా, ఇందులో ఎవరూ చావలేదు.

నేను సూరత్‌లో పవర్‌లూమ్ కార్మికుణ్ణి. కోసాడ్ క్వార్టర్లలో ఉంటాం. మా పాప అక్షరకు తొమ్మిదేళ్లు. ఐదో ఏటి నుంచి టైప్ వన్ షుగర్. రోజూ ఇన్సులిన్ వేయాలి. పగలు ఎలాగో గడిచిపోతుంది, భయమంతా రాత్రే. నిద్రలో షుగర్ పడిపోతే పిల్ల లేవదు, పిలవదు. వెంటనే తీపి పట్టకపోతే ప్రాణం మీదికి వస్తుంది. "షుగరున్న పిల్లకు చక్కెర పెడ్తరా?" అని మమ్మల్నే తిట్టిన బంధువులున్నారు. వాళ్లకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఇరవై ఏళ్ల మగ్గాల మోతకు నా చెవులు సగం పోయాయి. అలారం మోగినా వినిపించదు. అందుకే ఒక వీధికుక్కను చేరదీసి, రాణి అని పేరు పెట్టి, వీడియోలు చూసి నేర్పించాను. షుగర్ పడినప్పుడు పాపకు పట్టే చెమటను గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాలి. ఆ వాసన చూపించినప్పుడు కుక్క నా చెయ్యి గీకితే గుడ్డు ముక్క పెట్టాలి. మొదటి రెండు నెలలు నా తెలివితక్కువతనం వల్లే వృథా అయ్యాయి. కార్ఖానా నుంచి తెచ్చిన ముక్కలతో తుడిచాను. మేం నేసేదంతా పాలిస్టర్, అది చెమట పీలుస్తుందా? నేతపని చేసేవాణ్ణయి ఉండీ నాకు తట్టలేదు. అమ్మ పాత నూలు చీర చింపాకే రాణికి పని పట్టుబడింది. రెండుసార్లు గీకి, ఆగి, మళ్లీ రెండుసార్లు గీకేది. అలా నాలుగు రాత్రులు నన్ను లేపింది.

పై అంతస్తులో మల్లన్న ఉంటాడు, మా జిల్లావాడే. రాణి ఒక రాత్రి ఏడ్చిందట. కుక్క ఏడిస్తే బిల్డింగులో చావు తప్పదని పట్టుబట్టాడు. నా భార్య పుట్టింటికి వెళ్లిన సమయం చూసి, నేను డ్యూటీలో ఉండగా దాన్ని టెంపో ఎక్కించి ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న బార్డోలీ వైపు పంపించేశాడు. అది పాప కోసం పెంచుతున్న కుక్క అని తెలిసి కూడా పంపించాడు!

సాయంత్రం ఇంటికొచ్చాక పక్కింటివాళ్లు చెబితే తెలిసింది. ఆ రాత్రి పన్నెండింటికి చూస్తే షుగర్ బాగానే ఉంది. మూడింటికి మళ్లీ చూద్దామని కూర్చున్నవాణ్ణి అలాగే నిద్రపోయాను. రెండున్నరకు మంచం అదిరింది. మా మంచం తలుపుకు ఆనుకునే ఉంటుంది, ఎవరో తలుపు గుద్దుతున్నారు. తలుపు తీస్తే మల్లన్న.

"ఏంది తమ్మీ, కుక్కను మళ్ల పట్టుకొచ్చినవా? రెండుసార్లు గీకుడు, ఆగుడు, మళ్ల గీకుడు. నా తలుపంత పాడైతున్నది!"

"కుక్క యాడిదన్నా? నువ్వే గద పంపిచ్చినవ్!"

కొట్టుకునేవాళ్లమే. లైటు వేస్తే పాప కనిపించింది. దిండంతా చెమట. మీటర్ నలభై ఒకటి చూపించింది. లేపి కూర్చోబెట్టి గ్లూకోజు నీళ్లు గుటకగుటకగా తాగించాను. మల్లన్న గ్లాసు పట్టుకున్నాడు.

తర్వాత మెట్లన్నీ వెతికాం. కుక్క లేదు. కింద గేటుకు వేసిన తాళం వేసినట్టే ఉంది.

నాలుగో రోజు టెంపో డ్రైవర్ చెప్పిన గుర్తులు పట్టుకుని బార్డోలీ వెళ్లాను. ఒక చెరకు తోట కాపలాదారు దగ్గర రాణి గొలుసుతో ఉంది. దించిన సాయంత్రమే కట్టేశానని, ఒక్కసారి కూడా విప్పలేదని అతను చెప్పాడు. దెయ్యమనడానికి అది చావలేదు. పరుగెత్తుకొచ్చిందనడానికి అక్కడి నుంచి కదల్లేదు.

రాణి ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. మల్లన్న మాత్రం పాపను తానే కాపాడానని కాలనీ అంతా చెప్పుకుంటున్నాడు. కుక్కను పంపించిన సంగతి ఎత్తడు. విన్నప్పుడల్లా నా రక్తం ఉడికిపోతుంది. అబద్ధమని నిలదీద్దామంటే, అబద్ధం కాదు. ఆ రాత్రి అతను తలుపు గుద్దకపోతే నాకు నా బిడ్డ లేదు. అతన్ని లేపి కిందికి పంపిందెవరో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.