పుల్లయ్య గారి "ఎంతమందిలో?"

పుల్లయ్య గారి ముందు ఏ అంకె చెప్పినా, దానికి తోడు ఇంకో అంకె చెప్పేదాకా వదలరు. ముప్పై ఏళ్లు జగ్గయ్యపేటలో మిర్చి హోల్‌సేల్ చేసిన మనిషి. "రెండు బస్తాలు బూజు పట్టాయంటే నేను ఏడవాలా, నవ్వాలా? లారీలో ఎన్ని బస్తాలో చెప్పు ముందు" అనేవారట. ఇప్పుడు మా వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. నేను అక్కడ నర్సుని, పేరు గ్రేసీ.

"తాతగారూ, ఉప్మాలో పురుగొచ్చిందండి!" అన్నాను ఓ పొద్దున.

"ఎన్ని ప్లేట్లలో?"

"ఒక్కదాన్లోనే. మీ ప్లేట్లో."

"ఇరవైలో ఒకటేగా. వంటమనిషిని తిట్టమాక" అని పురుగుని పక్కకు నెట్టి శుభ్రంగా తినేశారు.

పళ్ల డాక్టరు రెండు పళ్లు కదులుతున్నాయంటే "ఎన్నిట్లో?" అన్నారు. ఉన్నవే మూడు. డాక్టరు పాపం మళ్లీ లెక్కపెట్టారు.

మా ట్రస్టుకి నందిగామలో ఇంకో ఆశ్రమం ఉంది. రెండుచోట్లా ఎంతమందికి ఇన్ఫెక్షన్లు వచ్చాయో నెలనెలా మా హాల్లో మీటింగు పెట్టి సెక్రటరీ లక్ష్మీకాంత్ గారు చదువుతారు. ఆ నెల మాకు నాలుగు, నందిగామకి తొమ్మిది. అక్కడి నర్సు రూబీ మొహం పాలిపోయింది. అబద్ధమెందుకు, నాకు మాత్రం లోపల్లోపల భలే సంతోషంగా ఉంది.

"రూబీ, వచ్చే నెల నుంచి నువ్వు మానెయ్యమ్మా. ఈ గ్రేసీని చూసి నేర్చుకోవాల్సింది" అన్నారు సెక్రటరీ గారు.

వెనక కుర్చీలోంచి పుల్లయ్య గారి గొంతు వినబడింది. "ఎంతమందిలో?"

"బాబాయ్, మీరు కూర్చోండి."

"కూర్చునే అడుగుతున్నానయ్యా. నందిగామలో ఉండేదెంతమంది?"

"అరవై."

"ఇక్కడ?"

"ఇరవై."

"అరవైలో తొమ్మిదంటే నూటికి పదిహేను. ఇరవైలో నాలుగంటే నూటికి ఇరవై. ఎవర్ని చూసి ఎవరు నేర్చుకోవాలంటావ్?"

నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ మందులిచ్చేది నేను, వకాల్తా మాత్రం నందిగామకి!

"ఇంకోటుంది లక్ష్మీకాంతూ. ఇక్కడ నాలుగు కాదు, అయిదు. మూడ్రోజుల నుంచీ నాకు మూత్రంలో మంట. గ్రేసీకి మాటొస్తదని దాచా. దానివల్ల ఈ రూబీ ఉద్యోగం పోతదనుకోలా."

నా కోపం ఎటుపోయిందో తెలియదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సెక్రటరీ గారు కాగితం మీద నాలుగు కొట్టేసి అయిదు వేశారు. రూబీని మాన్పించలేదు. పైగా వారానికో రోజు వచ్చి, మంచం మంచానికీ మధ్య చేతులు ఎలా కడుక్కోవాలో మాకు చూపించమన్నారు.

"నా ఉద్యోగం నిలబెట్టారండి తాతగారూ" అంది రూబీ, కళ్లు తుడుచుకుంటూ.

"నీ ఒక్కదాని కోసమేనా? అక్కడ అరవైమంది నీ చేతిమీదే ఉన్నారు గదమ్మా" అన్నారాయన.

ఆ సాయంత్రం డాక్టరు రాసిన మందులు తీసుకెళ్లాను. "ఇవిగో, పది మాత్రలు. ఇకమీద ఏదైనా దాచారంటే ఊరుకోను" అని గద్దించాను. పుల్లయ్య గారు ఏ లెక్కా అడగకుండా బుద్ధిగా నోరు తెరిచారు.