సొన తిన్న వేళ్లు

సహోదరులారా, మీ వీధిలో చూపులేనివారు ఎవరున్నారో, ఈ నెల వారికి పింఛను అందిందో లేదో మీలో ఎంతమందికి తెలుసు?

నాకు పుట్టుకతో చూపు లేదు. నూజివీడు మామిడి షెడ్డులో కాయల తొడిమ తుంచి సొన కార్చడం నా పని. తడిమితే చాలు, కళ్లతో పని లేదు. కానీ సొన చర్మాన్ని కాలుస్తుంది. ఈ ఏడాది కోతలు ముగిసేసరికి నా వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. ఒకటో తారీఖున పింఛను పంచే ఉద్యోగి వచ్చి వేలు పెట్టిస్తే యంత్రం పట్టలేదు. కనుపాప చూపించమన్నాడు. నా కళ్లలో చూపించడానికి కనుపాపలే లేవు.

"ఈ నెలకింతేనమ్మా, పైనెల చూద్దాం" అన్నాడు. పైనెలా అదే మాట.

కోతలు అయిపోయాక నాకు ఆ పింఛనే కూడు. అప్పుడు పట్టుకుంది భయం, బతికే ఉన్నానని యంత్రం ఒప్పుకోకపోతే నన్ను చనిపోయినవారిలో కలిపేస్తారేమోనని, గుమ్మంలో అడుగుల చప్పుడైతే పేరు కొట్టేశామని చెప్పడానికే వచ్చారేమోనని, అన్నం ముందు కూర్చుని తినాలా, రేపటికి దాచాలా అని వణికేదాన్ని.

నీకు విశ్వాసం చాలదన్నారు కొందరు. ప్రార్థన నూనె తెచ్చి వేళ్లకు రాశారు. మూడో నెల ఆ వేలే పెట్టాను.

"ఏంటమ్మా, బజ్జీలేస్తూ వచ్చావా? వేలు జారిపోతోంది" అన్నాడు ఉద్యోగి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

లోపలికి వెళ్లి మోకరించాను. "ప్రభువా, ఇది నూనెతో తీరేది కాదు. అడిగే ధైర్యమివ్వు" అని ఏడ్చాను. మరునాడు మా సంఘంలోని మరియమ్మక్క చెయ్యి పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లాను.

"వేలిముద్ర పడనివాళ్లకి వేరే దారి లేదా అండీ?" అని అడిగాను.

లోపలి నుంచి పెద్ద ఉద్యోగి వచ్చారు. "ఉందమ్మా. మనిషిని మేం గుర్తుపట్టి, మా వేలు పెట్టి ఇవ్వొచ్చు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ?" అంది అక్క.

"ఎవరూ అడగలేదు కదండీ."

ఆ పూటే పింఛను నా చేతికి వచ్చింది. దేవునికే మహిమ.

దారి ముందునుంచీ ఉంది సహోదరులారా. తలుపు వేసుకుని ఏడ్చినన్నాళ్లూ అది నాకు దొరకలేదు. గడప దాటించలేని ప్రార్థనను ప్రార్థన అని ఎలా అంటాం? ఒకటో తారీఖు వస్తే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది, కానీ ఇప్పుడు నోరు పెగులుతుంది.

ప్రభువును నమ్ముకోండి. నమ్మినవారు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక తిన్నగా ఇంటికి పోకండి. మీ వీధిలో చూపులేనివారి, నడవలేనివారి తలుపు తట్టి పింఛను అందిందా అని అడగండి. అందలేదంటే సోమవారం పొద్దున్నే వారి చెయ్యి పట్టుకుని సచివాలయానికి నడవండి.