పడనివాళ్ల కుక్క

2023 జనవరి. అప్పుడు నేను కోటగిరి మండలంలో ఒక చిన్న పశువైద్యశాలలో డాక్టర్‌ని. ఇల్లు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో, రోజూ బోధన్ మీదుగా బస్సులో రాకపోకలు. ఒకప్పటంత కాకపోయినా అటువైపు చెరకు ఇంకా వేస్తారు. జనవరిలో నరుకుళ్లు జోరుగా సాగుతుంటాయి. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా బర్రెలు, మేకలు. కోడికి తెగులు తగిలితే మందు కోసం వస్తారు గానీ చచ్చిన కోడిని పట్టుకొని ఎవరూ రారు. చచ్చిన కోడికి మా ఊళ్లలో డాక్టరుతో కాదు, పొయ్యితోనే పని.

ఆ మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే నడివయసు ఆడమనిషి ఒకామె తడి గోనెసంచి తెచ్చి వరండాలో దించింది. వేళ్లకు బీడీ తంబాకు మరక. పేరు గంగామణి అని చెప్పింది.

"కోళ్లు సచ్చినయి మేడం. జర సూడుండ్రి."

"తెగులా అక్కా?"

"తెగులు గాదు. కుక్క సంపిందంటున్రు. కుక్కనేనా, ఇంకోటా, మీరు చెప్పాలె."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అందులోనూ ఆకలి మీద ఉన్నాను. చచ్చిన కోళ్లకు విచారణ ఏమిటని విసుక్కున్నాను. ఆమె ఏమీ అనుకోలేదు, గోడకు ఆనుకొని కూర్చుంది. "మీరు తినుండ్రి, కూసుంట. గని పొద్దుగూకక ముందే చెప్పాలె మేడం. పొద్దుగూకితే ఆ కుక్కకు మందు పెట్టి సంపుతరు" అంది. డబ్బా మూత మళ్లీ పెట్టేశాను.

సంగతి ఇది. గంగామణి పెరట్లో నాటుకోళ్లు పెంచుతుంది. బీడీల పని రోజూ ఒకేలా ఉండదు కాబట్టి ఇంటికి ఆ కోళ్లే ఆసరా. కొన్ని వారాలుగా అవి ఒక్కొక్కటే పోతున్నాయి. వాడలో మిగతా వాళ్లవీ పోతున్నాయి. ఆ ఉదయం ఆమె బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి రెండు కోళ్లు పెరట్లో చచ్చి ఉన్నాయి. మూడోదాన్ని పక్కింటి సాయిలు కుక్క నోట కరుచుకొని పోతుంటే వాడంతా చూసింది. ఆ కుక్క పేరు మోతి. మాంసంలో విషపు మందు కలిపి దానికి పెట్టాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. సాయిలు తల వంచుకొని సరేనన్నాడట.

"సాయిలు మీ చుట్టమా?" అని అడిగాను.

"సుట్టమెక్కడిది మేడం. మోరి మురికినీళ్ల కాడ లడాయి అయింది. వాళ్లకు మాకు మాటలే లేవు. ఇన్నేండ్లాయె."

"మరి వాళ్ల కుక్క కోసం నువ్వెందుకు వచ్చినవు?"

"లడాయి వాళ్లతోని, కుక్కతోని కాదు గదా. మోతి రోజు మా పెరట్లకు అస్తది, కోడిపిల్లల నడుమనే పంటది. అసొంటిది సంపిందంటే నాకు నమ్మబుద్ధయితలేదు."

"చూసినంక కుక్కే చంపిందని తేలితే?"

ఆమె సంచిని నా వైపు జరిపింది. "తేలితే గదే చెప్త. సంపకుండ్రి అని బతిలాడుకుంట గని, అబద్ధం మాత్రం చెప్ప."

నా విసుగు ఎటు పోయిందో తెలియదు. లేచి గ్లవ్స్ తొడుక్కున్నాను.

కోడి పోస్టుమార్టంలో మొదటి పని ఈకలను నీళ్లతో తడపడం. లేకపోతే ముక్కులోకీ నోట్లోకీ ఎగురుతాయి. తర్వాత చర్మాన్ని కోసి, మాంసం నుంచి మెల్లగా ఒలుస్తాం. పైనుంచి కనిపించే గాయం మీద మాకు పెద్ద నమ్మకం ఉండదు. అసలు కథ చర్మం కింద ఉంటుంది. ప్రాణం ఉండగా కరిస్తే ఆ చుట్టూ రక్తం చిమ్మి గడ్డకడుతుంది. దాన్ని హెమరేజ్ అంటాం. ప్రాణం పోయాక కరిస్తే గుండె ఆగిపోయి ఉంటుంది కనుక చర్మం ఎంత చిరిగినా లోపల మాంసం పాలిపోయే ఉంటుంది.

పెరట్లో దొరికిన రెండు కోళ్లకూ మెడ మీద సన్నని రంధ్రాలు, జంటజంటగా. వాటి మధ్య దూరం నా చిటికెన వేలు వెడల్పు కూడా లేదు. చర్మం కింద నల్లగా గడ్డకట్టిన రక్తం. కుక్క కోర పళ్ల మధ్య ఎడం ఇంతకంటే చాలా ఎక్కువ. పైగా కుక్క పట్టిందంటే విదిలిస్తుంది, ఎముకలు విరుగుతాయి. ఇక్కడ ఒక్క ఎముకా విరగలేదు.

అసలు పరీక్ష మూడోదానితో. మోతి నోట్లోంచి లాక్కున్న కోడి అది. వీపు మీద పెద్ద పెద్ద గాట్లు, చర్మం చీలిపోయి ఉంది. కుక్క పళ్లే, అనుమానం లేదు. గంగామణి ముఖం చిన్నబోయింది. నేను చర్మం ఒలిచాను. వీపు కింద మాంసం తెల్లగా ఉంది, రక్తపు చుక్క లేదు. మెడ దగ్గర ఒలిస్తే అవే సన్నని జంట రంధ్రాలు, అదే నల్లటి గడ్డ.

"అక్కా, ఇటు చూడు. ఈ కోడి చచ్చినంకనే కుక్క నోట్ల పడ్డది. చంపింది వేరేది. నా లెక్కన ముంగిస."

"ముంగిసనా?" ఆమె తల తిప్పి కళ్లు ఒత్తుకుంది. పోయిన తన కోళ్ల కోసం కాదు, మోతి కోసం వచ్చిన కన్నీళ్లవి.

ముంగిస ఎదురైతే మా దగ్గర మంచి శకునమంటారు, పాములను చంపుతుందని మెచ్చుకుంటారు. దాని మీదికి ఎవరి అనుమానమూ పోదు. చెరకు నరికేశాక దాక్కునే చోటు లేక అది ఇళ్ల వెనక కట్టెల కుప్పల్లోకి చేరుతుంది. గంగామణి పెరటికి ఆనుకొనే చెరకు తోట ఉందట, కొత్తగా నరికారట.

ఆ సాయంత్రం పొద్దుగూకక ముందే, బస్సెక్కకుండా ఆమెతోపాటు వాడకు వెళ్లాను. సాయిలు గడప దగ్గర అతని భార్య మోతిని తాడుతో పట్టుకొని కూర్చుంది. పొద్దున్నుంచీ వదల్లేదట. చుట్టూ చేరిన వాడవాళ్లకు నేను కోడిని చూపించి, ఒలిచిన చర్మం చూపించి, చెప్పాల్సింది చెప్పాను. ఒకాయనకు నమ్మకం కుదరలేదు.

"నోట్ల పట్టుకొని పోతుంటే మా కండ్లతోని సూసినం మేడం."

"పట్టుకపోయింది చూసిన్రు. చంపంగ చూసిన్రా?"

ఆయన గొణిగాడు గానీ వెనక్కి తగ్గలేదు. అప్పుడు గంగామణి ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"కోళ్లు నాయి. పోయింది నాకు. నేనే దాన్ని ఏమనకుండ్రి అంటున్న. ఇగ మందు ఎవ్వలికోసం పెడ్తరు?"

మందు పొట్లం జేబులో ఉన్న ఆయన అది తీయకుండానే ఇంటికి వెళ్లిపోయాడు.

అయినా రుజువు కావాలి కదా. ఇళ్ల వెనక కట్టెల కుప్పల చుట్టూ బూడిద పలచగా చల్లమని అందరికీ చెప్పి, నా నంబరు ఇచ్చి వచ్చాను. మర్నాడు నా ఫోనుకు ఫొటో వచ్చింది, పంపింది సాయిలు. బూడిదలో చిన్న చిన్న అడుగులు. కుక్క అడుగులో నాలుగు వేళ్లే పడతాయి. ఇందులో అయిదున్నాయి, ముందర గోళ్ల గీతలతో సహా. ముంగిసను చంపడం చట్టం ఒప్పదు. కట్టెలు దూరంగా జరపమని, కోళ్ల గూటి ముందు ఇనుప తీగల జాలీ కట్టుకోమని చెప్పాను.

వానాకాలంలో కోళ్లకు టీకాలు వేయడానికి ఆ వాడకు మళ్లీ వెళ్లాను. గంగామణి గూటి ముందు జాలీ ఉంది. జాలీకి వీపు ఆనించి మోతి పడుకొని ఉంది, దాని పొట్ట మీద ఓ కోడిపిల్ల నిలబడి ఉంది. మోతి అక్కడుంటే ముంగిస ఇటు రావడం లేదట.

"సాయిలు వాళ్లతోని మాటలు కలిసినయా అక్కా?" అని అడిగాను.

"ఎక్కడియి మేడం. వాళ్ల కుక్క మా ఇంటికి అస్తది, మా కోళ్లు వాళ్లింటికి పోతయి. మేమే పోం" అని నవ్వింది.

నా ఉద్యోగంలో చాలా పోస్టుమార్టంలు చేశాను. బీమా కోసం వస్తారు, కొట్లాటల్లో గెలవడానికి వస్తారు. రిపోర్టు తమవైపు రాయమని బతిమాలినవాళ్లున్నారు, బెదిరించినవాళ్లున్నారు. తీర్పు చెప్పేముందు చర్మం కిందికి చూడాలని కాలేజీలో నాకు నేర్పారు. మనుషుల్లోనూ అలా చూడగలవాళ్లుంటారని గంగామణి వల్ల తెలిసింది. తనకు నష్టం జరిగిన రోజే, తనకు పడనివాళ్ల వైపు నిజం ఉందేమో చూడమని నా వరండాలో కూర్చున్న మనిషి ఇన్నేళ్లలో ఆమె ఒక్కతే. ఇప్పటికీ ఎవరైనా గోనెసంచితో వస్తే నేను డబ్బా మూత పెట్టేసి ముందు సంచి విప్పుతాను.