అంగడింటి స్వెటర్ ఉన్ని

మా చిన్నప్పుడు... హోసూరు పక్క తళి దగ్గర మా పల్లెలో చలికాలం పొద్దెక్కేదాకా మంచు విడిచేది కాదు. అట్లాంటి ఒక పొద్దున నేను అరుగు మీద కూర్చుని నాయన పాత స్వెటర్ విప్పుతున్నాను.

ముదురెరుపు స్వెటర్ అది. మోచేతుల దగ్గర చినిగిపోయింది. అంచున ముడి ఒకటి ఊడదీస్తే చాలు, ఉన్ని వరసగా వచ్చేసేది. విప్పిన ఉన్ని మెలికలు తిరిగి ఉంటుంది. దాన్ని తడిపి, చుట్టగా కట్టి, కింద రాయి వేలాడదీసి ఆరబెడితే సాఫీ అవుతుందని బడిలో కుట్టు టీచరమ్మ చెప్పింది. సూదులు కొనలేదు... రెండు సైకిల్ పుల్లలు బండ మీద నూరుకున్నాను.

ఆ ఉన్నితో స్కార్ఫ్ అల్లింది మంజుల కోసం. వాళ్ళది ఊళ్ళో అంగడి. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. అరసంవత్సరం పరీక్షలు కాగానే కృష్ణగిరిలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకోవడానికి పోతోంది. పోయినా నన్ను మరిచిపోకూడదు... నాకు కావలసింది అంతే.

మా అవ్వ నవ్వింది. "కృష్ణగిరి ఎండకి బండలే పగులుతాయి. ఆడ మెడకి ఉన్ని చుట్టుకుంటే ఆ బిడ్డ ఉడికిపోతుంది కదే."

"చలికి కాదవ్వా, గుర్తుకి."

"గుర్తుకైతే సరేలే. బిగువుగా అల్లు, జారిపోతా ఉండాది."

ఆ స్వెటర్ మొదట మంజుల వాళ్ళ తాతది. ఆయన పోయినప్పుడు కర్మాంతరం నాడు బట్టలు దానమిచ్చారు. అంగడిలో మూటలు మోసే మా నాయనకి స్వెటర్ వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఉన్నవాటిలో మంచి ఉన్ని అదే... అంతకుమించి నేను ఆలోచించలేదు.

అల్లడం అయిపోయాక పట్టుకుపోయాను. అంగడి పక్కనే వాళ్ళ ఇల్లు. మంజుల వాకిట్లోనే మెడకు రెండు చుట్లు చుట్టుకుంది.

"మెత్తగా ఉండాదే. నువ్వే అల్లినావా?"

"ఊఁ."

"అబద్ధం. మీ అవ్వ అల్లింటుంది."

వాళ్ళమ్మ చేట పట్టుకుని బయటికి వచ్చింది. స్కార్ఫ్ వైపు కాసేపు చూసింది. "ఈ ఉన్ని యాడిదే?" అని నన్ను అడిగింది.

"మా నాయనకి మీరిచ్చిన స్వెటర్‌దేనమ్మా" అన్నాను, మెచ్చుకుంటుందనుకుని.

ఆమె చేట కింద పెట్టేసింది. "దానమిచ్చింది మళ్ళీ ఇచ్చినోళ్ళ గడప తొక్కకూడదని మీ ఇంట్లో ఎవురూ చెప్పలేదా? పోయినాయన బట్ట తెచ్చి నా బిడ్డ మెడకి చుడతావా?" తర్వాత మంజులతో అంది... "తీసేయ్. పోయి తలకి నీళ్ళు పోసుకో."

మంజుల తీసేసింది. నా చేతికి ఇవ్వలేదు, మెట్టు మీద వదిలింది. లోపలికి పోయింది.

అంగడిలో ఉన్న నాయనకి అంతా వినపడింది. వచ్చి స్కార్ఫ్ ఎత్తుకున్నాడు. "చిన్నబిడ్డ, తెలీక తెచ్చిందమ్మా. తప్పయిపోయింది" అని తల వంచుకుని చెప్పాడు. నేను ఆ మాట చెప్పలేదు, చెప్పేదాన్ని కూడా కాదు. నాకు బదులు ఆయన చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే అమ్మ స్కార్ఫ్ అంతా విప్పేసింది. ఉన్ని పారేయడమెందుకని పెరట్లో కోసిన కొత్తిమీరని దానితో కట్టలు కట్టాము. ఆ కట్టలు హోసూరు సంతకి పోయాయి.

మంజుల కృష్ణగిరికి పోయే రోజు చెప్పడానికి రాలేదు. నేనూ బస్సు దగ్గరికి పోలేదు.

మొన్న మా బడివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మంజుల రాసింది... "ఆ రోజులే వేరు. మన మధ్య ఎక్కువ తక్కువలు ఉండేవే కావు." కింద అందరూ పూలు, దండాలు పెట్టారు. తనకి నిజంగానే గుర్తు లేదనుకుంటాను. మెట్టు పైన నిలబడ్డవాళ్ళకి గుర్తుండాల్సిన పనేముంది...

ఇప్పుడు హోసూరులో రోడ్డు పక్కన స్కార్ఫులు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఎవరి ఉన్ని అని అడిగేవాళ్ళు లేరు, ఒకరి కోసం కూర్చుని అల్లేవాళ్ళూ లేరు. చిన్నప్పుడు మీరు చేత్తో చేసి ఇచ్చినదాన్ని ఎవరైనా దాచుకున్నారా? అట్లాంటివాళ్ళు ఉంటే కింద రాయండి... ఒక్కరున్నా చాలు, చదువుకుంటాను.